మసాయి మారానా, సెరెంగెటీనా, క్రూగరా? మన సెలవులు చూసుకుని సఫారీ ఎంచుకోవడం

"సింహాలు ఎక్కడ బాగా కనిపిస్తాయండీ?" ఆఫ్రికా సఫారీ అనుకున్న ప్రతివాళ్ళూ నన్ను మొదట అడిగేది ఇదే. కెన్యాలో మసాయి మారా, టాంజానియాలో సెరెంగెటీ, దక్షిణాఫ్రికాలో క్రూగర్ అని మూడు పేర్లు చెప్పి, ఒకటి తేల్చమంటారు. సింహాలు మూడు చోట్లా ఉన్నాయి. మూడు నాలుగు రోజులు ఓపిగ్గా తిరిగితే మూడు చోట్లా కనిపిస్తాయి. అందుకే నేను ఎదురు రెండు ప్రశ్నలు వేస్తాను. మీకు సెలవులు ఎప్పుడు? బండి ఎవరు నడపాలి? ఈ రెండూ తేలితే పార్కు దానంతటదే తేలిపోతుంది.

మేము క్రూగర్‌కి పిల్లలతో మే నెలాఖరులో వెళ్ళాం. మారాకి ఇంకో ఏడాది దసరా సెలవుల్లో, మా అత్తయ్య మామయ్యలతో కలిసి వెళ్ళాం. రెండూ సఫారీలే అయినా, ఒకటి మన కారులో అరకు వెళ్ళినట్టుంది, ఇంకొకటి పెళ్ళివారి బస్సులో వెళ్ళినట్టుంది.

ముందు సెలవుల సంగతి

మన పిల్లలకు వేసవి సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలై జూన్ రెండో వారం దాకా ఉంటాయి. సరిగ్గా ఆ ఏప్రిల్, మే నెలల్లోనే కెన్యాలో, ఉత్తర టాంజానియాలో పెద్ద వానలు. రేట్లు తగ్గించి ఆశ పెడతారు, నిజమే. కానీ మారా నేల చాలాచోట్ల నల్లరేగడి. వానపడ్డ నల్లరేగడిలో ఎడ్లబండి ఎలా దిగబడుతుందో మన పల్లెల్లో పెరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు, ల్యాండ్ క్రూజర్ కూడా అలాగే దిగబడుతుంది. గడ్డి ఏపుగా పెరిగి ఉంటుంది. అందులో పడుకున్న సింహం చెవులు కనిపిస్తే గొప్ప.

అదే సమయంలో క్రూగర్‌లో చలికాలం మొదలవుతుంది. మే నుంచి సెప్టెంబరు దాకా అక్కడ వానలు దాదాపు ఉండవు. ఆకులు రాలి, గడ్డి ఎండి, గుంటల్లో నీళ్ళు ఇంకిపోయి జంతువులన్నీ నదుల దగ్గరికి చేరతాయి. దోమలూ తగ్గుతాయి. కాబట్టి వేసవి సెలవుల్లో పిల్లలతో వెళ్ళేవాళ్ళకు నా సలహా ఒక్కటే, క్రూగర్. దీని మీద పెద్దగా చర్చ అక్కర్లేదు. జూన్‌లో అక్కడ సాయంత్రం ఐదున్నర లోపే చీకటి పడుతుందని మాత్రం గుర్తుంచుకోండి.

దసరా సెలవులైతే లెక్క మారుతుంది. పదమూడు పద్నాలుగు లక్షల విల్డ్‌బీస్ట్‌లు (ఆవులా కనిపించే పెద్ద జింకజాతి), వాటితో పాటు లక్షల్లో జీబ్రాలు ఏడాది పొడవునా పక్కపక్కనే ఉన్న సెరెంగెటీ, మారా మైదానాల్లో వానల వెంట గుండ్రంగా తిరుగుతుంటాయి. జులై నుంచి అక్టోబరు దాకా ఆ మందలు ఉత్తరాన, మారా నది చుట్టుపక్కల ఉంటాయి. టీవీలో మనం చూసే, మొసళ్ళ మధ్య నుంచి నది దాటే దృశ్యం ఇక్కడిదే. దసరా నాటికి సీజన్ ముగింపుకొస్తుంది కానీ, మందలు ఇంకా ఉంటాయి. నది దాటడం మాత్రం వాటి ఇష్టం. మేము ఒడ్డున నాలుగు గంటలు కూర్చున్నాం. వేలకొద్దీ వచ్చి అంచున నిలబడ్డాయి, ముందున్నవి నీళ్ళు వాసన చూశాయి, ఏమనుకున్నాయో, అన్నీ కలిసి వెనక్కి తిరిగిపోయాయి. మా మామయ్య "రిజర్వేషన్ కౌంటర్ మూసేసినట్టు వెళ్ళిపోయాయే" అన్నారు.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. మారా నది సెరెంగెటీ ఉత్తర కొసన, కొగటెండే దగ్గర కూడా పారుతుంది. నది దాటడం చూడాలంటే కెన్యాకే వెళ్ళాలని లేదు. ఆ వైపు బండ్ల రద్దీ తక్కువ. కాకపోతే అక్కడికి చేరడం ఖర్చుతో కూడిన పని, టాంజానియాలోని ఆరూషా ఊరి నుంచి చిన్న విమానంలో వెళ్ళడమే సుఖం.

సంక్రాంతి తర్వాత, జనవరి చివర నుంచి మార్చి మొదట్లో దాకా వెళ్ళగలిగేవాళ్ళకు, అంటే పిల్లల బడితో పనిలేని దంపతులకు, రిటైరైనవాళ్ళకు, సెరెంగెటీ దక్షిణాన ఉన్న ఎన్‌డూటు ప్రాంతం చెప్తాను. విల్డ్‌బీస్ట్‌లు ఈనే కాలం అది. కొద్ది వారాల్లోనే లక్షల దూడలు పుడతాయి. పుట్టిన దూడ నిమిషాల్లో లేచి తల్లి వెంట పరిగెత్తాలి. సింహాలు, చీతాలు, దుమ్ములగొండ్లు చుట్టూ కాచుకుని ఉంటాయి కదా. మా బావగారు వెళ్ళొచ్చి, ఫొటోల కంటే ముందు చెప్పింది ఒక దూడ మూడుసార్లు పడి నాలుగోసారి నిలబడ్డ సంగతి.

చీతా అన్నాను కాబట్టి ఒక మాట. మన పేపర్లలో చిరుతనూ చీతానూ కలిపేస్తుంటారు. తిరుమల నడకదారిలో కనిపించేది చిరుత, చెట్లెక్కుతుంది, రాత్రిపూట తిరుగుతుంది. చీతా సన్నగా ఉండి, కళ్ళ కింద నుంచి నోటి దాకా నల్లటి చార ఉంటుంది, పగలు వేటాడుతుంది. చీతా కోసం వెళ్తే మారా, సెరెంగెటీ మైదానాలు మేలు. చిరుత కోసమైతే క్రూగర్‌ను ఆనుకుని ఉన్న సాబీ శాండ్ అనే ప్రైవేటు అడవికి మించింది లేదు, కానీ అక్కడ ఒక రాత్రి అద్దె వింటే మనమే చెట్టెక్కుతాం.

బండి ఎవరు నడపాలి

క్రూగర్ గొప్పతనమంతా ఇక్కడే ఉంది. దాదాపు 19,500 చదరపు కిలోమీటర్ల అడవి. లోపల తారురోడ్లు, కంకర రోడ్లు, రాత్రి బసకు రెస్ట్ క్యాంపులు, పెట్రోలు బంకులు, దుకాణాలు అన్నీ ఉన్నాయి. జొహనెస్‌బర్గ్‌లో మామూలు కారు అద్దెకు తీసుకుని, ఐదు గంటలు నడిపితే మలేలేన్ గేటు దగ్గర దిగుతారు. అక్కడా మనలాగే రోడ్డుకు ఎడమ పక్కన నడపాలి, స్టీరింగ్ కుడివైపే. ఇంగ్లిష్‌లో ఉన్న మన లైసెన్స్‌తో పాటు ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా తీసుకెళ్ళండి, కారు అద్దెకిచ్చేవాళ్ళు అడుగుతారు.

నియమాలు కచ్చితం. తారురోడ్డు మీద గంటకు 50, కంకర మీద 40 కిలోమీటర్లు దాటకూడదు. అంతకంటే నెమ్మదిగా వెళ్తేనే ఏమైనా కనిపిస్తాయి. 20, 25లో వెళ్ళండి. గుర్తుపెట్టిన చోట్ల తప్ప కారు దిగకూడదు, తల బయటికి పెట్టకూడదు. క్యాంపు గేట్లు చీకటి పడేసరికి మూసేస్తారు, ఆలస్యమైతే జరిమానా. మేము లోయర్ సాబీ క్యాంపు పక్కనున్న సన్‌సెట్ డ్యామ్ దగ్గర నీటిగుర్రాలను చూస్తూ మైమరచిపోయి, గేటు మూయడానికి నాలుగు నిమిషాల ముందు లోపల పడ్డాం. ఆ నాలుగు నిమిషాలూ మా ఆవిడ నాతో మాట్లాడలేదు.

సొంతంగా నడపడంలో ఉన్న సుఖం మాత్రం ఎంత చెప్పినా తక్కువే. పిల్లాడికి నిద్రొస్తే వెనక్కి తిరగొచ్చు. ఒక గద్ద దగ్గర గంట ఆగొచ్చు, పక్క సీటువాడు విసుక్కుంటాడన్న టెన్షన్ లేదు. స్కుకూజా క్యాంపు నుంచి లోయర్ సాబీకి నది వెంట వెళ్ళే రోడ్డు ఒక్కటే రోజూ అటూ ఇటూ తిరిగినా విసుగు రాదు. ఒక మలుపులో మాకు ఏనుగుల గుంపు అడ్డొచ్చింది. ఇరవై దాకా ఉన్నాయి, పిల్ల ఏనుగులు మధ్యలో. నేను బండి వెనక్కి తీసి, దూరంగా ఆపాను. చివర్లో వచ్చిన పెద్ద ఏనుగు రోడ్డు మధ్యలో ఆగి, చెవులు ఒకసారి విదిల్చి, మా వంక చూసి వెళ్ళింది. ఏనుగుకి దారివ్వడం, ఎప్పుడూ వెనక్కి వెళ్ళే చోటుంచుకోవడం, ఇవి సొంతంగా నడిపేవాళ్ళు మరవకూడని రెండు విషయాలు.

లోటేమిటంటే, మనకు అడవి చదవడం రాదు. ఇది నాకు మారాలో, గైడ్ నడిపే బండిలో తిరిగినప్పుడు తెలిసొచ్చింది.

మారాలో ఒకరకం జింక ఉంటుంది, దాని పేరే టోపీ. (మా పిల్లలు ఆ పేరుతో మూడు రోజులు ఆడుకున్నారు.) చెదపుట్టల మీదెక్కి కావలి కాస్తుంటాయి. ఒక ఉదయం మా గైడ్ బండి ఆపి, అర కిలోమీటరు దూరంలో ఉన్న నాలుగు టోపీలను చూపించాడు. నాకు నాలుగు జింకలే కనిపించాయి. అతనికి నాలుగూ ఒకే పొద వైపు చూస్తున్నాయని, మేత మానేశాయని కనిపించింది. నెమ్మదిగా ఆ పొద దగ్గరికి వెళ్తే ఆడసింహం, దాని పొట్ట కింద మూడు పిల్లలు. మనం నడుపుతుంటే నాలుగు జింకల ఫొటో తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళం. గైడ్‌కి ఇచ్చే డబ్బు డ్రైవింగ్‌కి కాదని అప్పుడే అర్థమైంది.

అయితే గైడ్ ఎంత మంచివాడైనా బండి సరిగ్గా లేకపోతే ఫలితం సగమే. మాకు జరిగింది చెప్తాను. పైకప్పు తెరుచుకునే ల్యాండ్ క్రూజర్ అని మాట్లాడుకుని అడ్వాన్సు కట్టాం. తెల్లారి నైరోబీ హోటల్ ముందుకొచ్చింది వ్యాను. అందులో అప్పటికే ముగ్గురు వేరేవాళ్ళు కూర్చున్నారు. మొదటి రోజంతా మా అత్తయ్యకు మధ్య సీటు, ఆవిడ చూసిన ఆఫ్రికా అంతా ఎదుటివాళ్ళ మోచేతుల మధ్య నుంచే. గొడవపడి రెండో రోజుకి బండి మార్పించుకున్నాం. కాబట్టి బుక్ చేసేటప్పుడు మూడు విషయాలు రాతలో తీసుకోండి: బండి రకం, మొత్తం ఎంతమంది, ప్రతివాళ్ళకీ కిటికీ సీటు ఉందా లేదా. "షేరింగ్" అన్న మాట ఎక్కడైనా కనిపిస్తే మళ్ళీ అడగండి.

నైరోబీ నుంచి మారాకి రోడ్డు మీద ఐదారు గంటలు. చివర్లో కుదుపులు ఎక్కువ. నడుం నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళ్తే నైరోబీ విల్సన్ విమానాశ్రయం నుంచి చిన్న విమానాలున్నాయి, గంటలోపు దింపుతాయి. వాటిలో మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి సంచుల్లో. గట్టి సూట్‌కేసులు ఎక్కనివ్వరు.

బాత్రూం సంగతి ఎవరూ రాయరు కానీ పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు అసలు సమస్య అదే. మారాలో గైడ్ చుట్టూ చూసి, ఏమీ లేవని నిర్ధారించుకుని, "టైరు చెక్ చేసుకోండి" అంటూ బండి వెనక్కి పంపిస్తాడు. మా అత్తయ్య ససేమిరా అంది. క్రూగర్‌లో రోడ్డు మీద దిగే వీలే లేదు గానీ, పిక్నిక్ స్పాట్లలో శుభ్రమైన టాయిలెట్లు ఉంటాయి. మ్యాపులో వాటిని ముందే గుర్తుపెట్టుకుని రోజు ప్లాన్ చేసుకోవాలి. అలా దిగినప్పుడు తినుబండారాలు జాగ్రత్త. ఎన్‌కూలూ అనే పిక్నిక్ స్పాట్‌లో ఒక కోతి మా చెక్కల ప్యాకెట్ లాక్కుపోయి చెట్టు మీద కూర్చుని తింది. మన కోతులకు ఏమాత్రం తీసిపోదు.

ఆరేళ్ళ లోపు పిల్లలుంటే ఇంకో ఇబ్బంది. క్రూగర్ క్యాంపులవాళ్ళు తెల్లవారుజామున, సాయంత్రం నడిపే గైడెడ్ డ్రైవ్‌లకు ఆరేళ్ళ లోపు వాళ్ళను ఎక్కించుకోరు. చాలా ప్రైవేటు లాడ్జిలదీ అదే నియమం. సొంత కారులో అయితే అడిగేవాళ్ళు లేరు. మా మట్టుకు మేము పగలు సొంత కారు, రెండు సాయంత్రాలు క్యాంపు బండి అన్న పద్ధతి పెట్టుకున్నాం. చీకటి పడ్డాక అడవిలో ఉండాలంటే మనకున్న దారి అదొక్కటే.

డబ్బు

రుసుములు ఏటా మారుతుంటాయి, బుక్ చేసే ముందు చూసుకోండి. నాకు తెలిసిన లెక్క ఇది. మారాలో 2024 నుంచి విదేశీ పెద్దవాళ్ళకు జనవరి నుంచి జూన్ దాకా రోజుకు 100 డాలర్లు, జులై నుంచి డిసెంబరు దాకా 200 డాలర్లు. తొమ్మిది నుంచి పదిహేడేళ్ళ పిల్లలకు 50. దసరాకి భార్యాభర్తలు, ఆ వయసున్న ఇద్దరు పిల్లలు మూడు రోజులు తిరిగితే గేటు దగ్గరే 1,500 డాలర్లు. బండి, బస, భోజనం ఇంకా మొదలే కాలేదు. ఆఖరి రోజు ఎన్ని గంటలకు గేటు దాటాలో కూడా అడిగి తెలుసుకోండి, గంట ఆలస్యమైతే ఇంకో రోజు రుసుము అడుగుతారు.

సెరెంగెటీ గేటు రుసుము చూడ్డానికి మారా కంటే తక్కువే, 70 డాలర్లు, పన్ను అదనం. కానీ లోపల బస చేస్తే దానికి వేరే రుసుము, దారిలో ఎన్‌గోరొంగోరో అనే రక్షిత ప్రాంతం దాటడానికి వేరే. అక్కడి అగ్నిపర్వత బిలంలోకి దిగాలంటే బండికి 250 డాలర్లు, దానిమీద పన్ను. ఖడ్గమృగం చూడాలంటే ఆ బిలం మంచి చోటే, ఆ డబ్బు పెట్టొచ్చు. బండి నిండా మనుషులుంటే ఆ 250 పంచుకుంటారు కాబట్టి టాంజానియాకి ఇద్దరి కంటే ఐదారుగురు కలిసి వెళ్ళడం కలిసొస్తుంది.

క్రూగర్‌లో పెద్దవాళ్ళకు రోజుకు 600 రాండ్ల దరిదాపుల్లో, అంటే మన మూడు వేల రూపాయలు. పిల్లలకు అందులో సగం. వారం దాకా ఉండేవాళ్ళు వైల్డ్ కార్డ్ అనే వార్షిక పాస్ లెక్క కూడా చూసుకోవాలి. గదులు పదకొండు నెలల ముందే బుకింగ్‌కి వస్తాయి. నది కనిపించే కాటేజీలు ముందుగా అయిపోతాయి.

తిండి

క్రూగర్ కాటేజీల్లో చాలావాటికి వంటగది ఉంటుంది. మేము చిన్న రైస్ కుక్కర్, కందిపొడి, గోంగూర పచ్చడి, నెయ్యి లేకుండా చేసిన పొడులు పట్టుకెళ్ళాం. (పాలపదార్థాలు, మాంసం పచ్చళ్ళు ఇంట్లోనే వదిలేయండి, కస్టమ్స్‌తో తలనొప్పి.) ప్లగ్గు సంగతి ఆసక్తిగా ఉంటుంది. దక్షిణాఫ్రికా సాకెట్‌లో మన ఏసీకి, గీజరుకి ఉండే లావుపాటి మూడు పిన్నుల ప్లగ్గు చక్కగా దిగుతుంది. చిన్న ప్లగ్గు దిగదు. చిన్నదాన్ని పెద్ద సాకెట్‌కి మార్చే కన్వర్షన్ ప్లగ్గు మన వీధి చివర ఎలక్ట్రికల్ షాపులోనే దొరుకుతుంది. అది రెండు కొనుక్కెళ్తే చాలు. కెన్యా, టాంజానియాల్లో చదరపు పిన్నులు, ఇంగ్లండ్ అడాప్టర్ కావాలి. అక్కడి టెంటు క్యాంపులు చాలావరకు సోలారు మీద, జెనరేటరు మీద నడుస్తాయి, రైస్ కుక్కర్ మాటెత్తకండి.

ఎత్తాల్సిన అవసరమూ రాదు. కెన్యాలో గుజరాతీలు తరతరాలుగా ఉన్నారు. శాకాహారం అంటే ఏమిటో అక్కడి వంటవాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. చపాతీ అక్కడివాళ్ళ సొంత వంటే అయిపోయింది. అన్నం, పప్పు దొరుకుతాయి, కారం మాత్రం మీరు తీసుకెళ్ళాలి. ఆ కారప్పొడి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులో చుట్టకండి. కెన్యాలో 2017 నుంచి, టాంజానియాలో 2019 నుంచి అవి నిషేధం. స్టీలు డబ్బా, గుడ్డసంచి మేలు.

ఇంజెక్షన్లు, కాగితాలు

ఇక్కడ చాలామంది దెబ్బతింటారు. కెన్యా నుంచి తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. వెళ్ళేటప్పుడు కెన్యావాళ్ళు మనల్ని అడగకపోవచ్చు కాబట్టి చాలామందికి ఈ సంగతి తిరిగొచ్చేదాకా తట్టదు. టీకా వేసిన పది రోజుల తర్వాత గానీ సర్టిఫికెట్ చెల్లదు, ఆ తర్వాత జీవితాంతం చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో, విశాఖలో పోర్ట్ హెల్త్ ఆఫీసులో వేస్తారు. రోజూ వెయ్యరు, ముందే కనుక్కోండి. అరవై దాటినవాళ్ళు, గుడ్డు పడనివాళ్ళు, గర్భిణులు డాక్టర్‌ని అడక్కుండా వేయించుకోకూడదు. పెద్దవాళ్ళను తీసుకెళ్ళాలని ఉండి, టీకా కుదరదని డాక్టర్ అంటే ఆ ఒక్క కారణం చాలు, క్రూగర్ వైపు మొగ్గడానికి. దక్షిణాఫ్రికా ఎల్లో ఫీవర్ దేశం కాదు. కాకపోతే ఎల్లో ఫీవర్ దేశాల్లో ఉన్న నైరోబీ, అడిస్ అబాబాల మీదుగా కాకుండా దుబాయ్, దోహాల మీదుగా వెళ్ళండి. టాంజానియా ప్రయాణికులు చాలామంది నైరోబీ, అడిస్ అబాబాల మీదుగా వెళ్తారు కాబట్టి వాళ్ళూ టీకా వేయించుకోవడమే మంచిది.

మలేరియా మూడు చోట్లా ఉంది. క్రూగర్‌లో చలికాలంలో తక్కువ, అంతే. మాత్రలు డాక్టరే రాయాలి. కొన్ని తిరిగొచ్చాక వారం వాడితే చాలు, కొన్ని నాలుగు వారాలు వాడాలి, కొన్ని చిన్నపిల్లలకు ఇవ్వరు. పసిపిల్లలున్నవాళ్ళకు ఇంకో దారి ఉంది. దక్షిణాఫ్రికాలోనే పిలానెస్‌బర్గ్, మడిక్వే, ఆడో అని మలేరియా లేని పార్కులున్నాయి. పిలానెస్‌బర్గ్ జొహనెస్‌బర్గ్ నుంచి రెండున్నర మూడు గంటలే.

వీసాల్లో కెన్యాది తేలిక, 2024 నుంచి ఆన్‌లైన్‌లో ముందస్తు అనుమతి తీసుకుంటే చాలు. టాంజానియాదీ ఆన్‌లైనే. దక్షిణాఫ్రికాకి కాగితాలు ఎక్కువ, సమయమూ ఎక్కువ. టికెట్లకు ముందే దాని పని మొదలుపెట్టండి, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోండి. డాలర్లు తీసుకెళ్తే కొత్త నోట్లే. పాతవి, చిరిగినవి కెన్యాలోనూ టాంజానియాలోనూ తీసుకోరు.

బ్యాగులో

ఆఫ్రికా అనగానే ఎండ అనుకుని కాటన్ చొక్కాలు సర్దుతారు. మారా సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైన ఉంది, తెల్లవారుజామున స్వెట్టర్ లేకుండా పైకప్పు తెరిచిన బండిలో నిలబడలేరు. క్రూగర్‌లో జూన్ ఉదయం ఇంకా చలి. మంకీ క్యాప్ పెట్టుకోవడానికి నామోషీ పడకండి, అక్కడ మిమ్మల్ని చూసేది జిరాఫీలే. టాంజానియా వెళ్తే ముదురు నీలం, నలుపు బట్టలు వద్దు. సెట్సీ ఈగలు ఆ రంగులకు వస్తాయి, గట్టిగా కుడతాయి. మిలటరీవాళ్ళ మచ్చల బట్టలు ఏ దేశానికీ వద్దు. డ్రోన్ ఇంట్లో ఉంచండి.

కెమెరా లేకపోయినా ఫరవాలేదు, బైనాక్యులర్లు లేకపోతే కుదరదు. 8x42 అని రాసున్నవి అందరికీ సరిపోతాయి. మేము ఇద్దరికి ఒకటి చొప్పున తీసుకెళ్ళాం. చిరుత చెట్టు దిగుతున్నప్పుడు అవి మా మామయ్య చేతిలో ఉన్నాయి, ఆయన ఫోకస్ సరిచేసుకుని చూసేసరికి చెట్టు ఒక్కటే మిగిలింది. మనిషికొకటి పెట్టుకోండి.